"ఫలానా షెరీఫ్ వాడిన కోల్ట్" అని అమ్ముతున్నారు, నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

టెక్సస్‌లో ఒక కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ అమ్మకానికొచ్చింది, పాతకాలపు షెరీఫ్ (కౌంటీ, అంటే జిల్లాలాంటి ప్రాంతపు పోలీసు అధికారి) వాడిందంటున్నారు, ఫ్యాక్టరీ లెటర్ (కోల్ట్ కంపెనీ పాత రికార్డులు చూసి ఇచ్చే పత్రం) కూడా చూపిస్తున్నారు, నమ్మొచ్చా అని ఒకరు అడిగారు. లెటర్‌ని నమ్మండి. కథని అప్పుడే నమ్మకండి.

ఈ లెటర్‌లో ఆ సీరియల్ నంబర్ తుపాకీ ఏ తేదీన ఫ్యాక్టరీ దాటింది, క్యాలిబర్ (తూటా సైజు) ఏమిటి, బ్యారెల్ పొడవెంత, పూత ఏది, ఎవరికి పంపారు, ఆ సరుకులో మొత్తం ఎన్ని ఉన్నాయి అన్నది ఉంటుంది. "ఎవరికి" అన్నచోట మామూలుగా కనబడేది టోకు డీలరు పేరు: న్యూయార్క్ హార్ట్‌లీ అండ్ గ్రాహమ్, సెయింట్ లూయిస్ సిమన్స్ హార్డ్‌వేర్ లాంటివి. ఆ తర్వాత ఏ కొట్టుకెళ్లింది, ఎవరు కొన్నారు అన్నది ఫ్యాక్టరీ పుస్తకాల్లోకి ఎక్కే విషయమే కాదు. అమ్మేవాళ్లు లెటర్‌ని కథకి రుజువుగా చూపిస్తే అక్కడే ఆగండి.

ముందు తుపాకీని చూడండి. నంబర్ మూడుచోట్ల ఉండాలి: ఫ్రేమ్ అడుగున, ట్రిగ్గర్ గార్డ్ మీద, బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనకుండే లోహపు పట్టీ) కింద. తొలికాలపు వాటిలో సిలిండర్ మీద, ఎజెక్టర్ గొట్టం (పేలిన తూటా తొడుగుల్ని బయటికి నెట్టే భాగం) కింద దాగే బ్యారెల్ భాగం మీద కూడా ఉంటుంది. ఒకే చెక్కతో చేసిన వాల్‌నట్ పిడి అయితే ఊడదీసి, బ్యాక్‌స్ట్రాప్ కూర్చునే గాడిలో సిరాతో రాసిన నంబర్ కోసం వెతకండి. దొంగ నంబర్లు కొట్టేవాళ్లు ఆ సిరా దాకా వెళ్లడం అరుదు.

పదిరెట్లు పెద్దగా చూపే అద్దంతో, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని నంబర్ల చుట్టూ చూడండి. పాత అంకెని అరగదీసి కొత్తది కొడితే ఆ చోటు కొద్దిగా పల్లంగా ఉంటుంది. స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా జారిపోయినా, పేటెంట్ తేదీల అక్షరాలు లోతు తగ్గినా, నికెల్ కింద తుప్పు గుంటలు కనబడినా మళ్లీ పాలిష్ చేసి పూత వేశారన్నమాట. పేటెంట్ తేదీలు ఇంకో మంచి ఆధారం. మొదట్లో రెండే ఉండేవి: 19 సెప్టెంబర్ 1871, 2 జులై 1872. 19 జనవరి 1875 అనే మూడోది తర్వాత చేరింది. 1874లో బయటికెళ్లిందని చెప్పే తుపాకీ ఫ్రేమ్ మీద 1875 తేదీ ఉంటే ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు.

నంబర్లు కలవకపోతే వెంటనే పక్కన పెట్టేయకండి, ఒక మినహాయింపు ఉంది. అశ్వికదళపు ఏడున్నర అంగుళాల రివాల్వర్లని 1895 తర్వాత సైన్యం విప్పి, బ్యారెల్ ఐదున్నర అంగుళాలకి కోసి, భాగాలు కలిపేసి మళ్లీ బిగించింది. ఆర్టిలరీ మోడల్ అనేది వీటినే. వీటిలో నంబర్లు కలవకపోవడమే సహజం.

ఇక మనిషి దగ్గరికొద్దాం. ఆ షెరీఫ్ నిజంగా ఉన్నాడా, ఏ ఏళ్లలో పదవిలో ఉన్నాడు అన్నది కౌంటీ కోర్టు రికార్డుల్లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో పెట్టిన పాత పేపర్లలో దొరుకుతుంది. 1890 జనాభా లెక్కల్లో చాలా భాగం 1921 అగ్నిప్రమాదంలో పోయాయి, దానిమీద ఆశ పెట్టుకోకండి. అసలు వెతకాల్సింది ప్రొబేట్ ఫైలు (చనిపోయినవాళ్ల ఆస్తి గురించిన కోర్టు ఫైలు): చనిపోయాక ఆస్తి జాబితాలో తుపాకీ రాశారా, ఎవరికి చెందింది అన్నది. కుటుంబం ఇచ్చిన నోటరీ అఫిడవిట్‌లో సీరియల్ నంబర్ లేకపోతే అది ఏ తుపాకీకైనా అతికే కాగితం. బ్యాక్‌స్ట్రాప్ మీద పేరు చెక్కి ఉంటే గీతల లోపలి రంగు చూడండి. చుట్టూ నల్లబడి, గీతల్లో మాత్రం లోహం మెరుస్తుంటే ఆ పేరు మొన్నటిది.

తుపాకీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికెళ్లిందన్న గొలుసు తెగకుండా ఉంటే ఎలా ఉంటుందో షెరీఫ్ ప్యాట్ గ్యారెట్ కోల్ట్ చూపిస్తుంది. 1881లో బిల్లీ ద కిడ్ అనే పేరుమోసిన నేరస్థుణ్ణి కాల్చిన ఆ రివాల్వర్ని గ్యారెట్ తర్వాత ఎల్ పాసోలో ఒక సెలూన్ యజమానికి ఇచ్చాడు. ఆ యజమాని పోయాక గ్యారెట్ భార్య కోర్టుకెళ్లి తిరిగి గెలుచుకుంది. అది ఎవరిదన్న తగువుని కోర్టే తేల్చింది. 2021లో బోన్‌హామ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. మీకు చూపిస్తున్నదాంట్లో ఇలాంటి కాగితం ఒక్కటైనా లేకపోతే, షెరీఫ్ పేరు తీసేసి మామూలు కోల్ట్ ధరకే బేరమాడండి. పేరుకి విడిగా డబ్బు కట్టొద్దు.

కొన్నాక తోమకండి, పూత వేయించకండి. మెత్తటి గుడ్డతో పల్చగా నూనె చాలు. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే డ్రైవర్ లేకుండా విప్పొద్దు, గాడి చెడితే విలువ పడిపోతుంది.

చట్టం సంగతి: అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి యాంటిక్ లెక్క. చూసేది తయారైన ఏడు, లెటర్‌లోని పంపిన తేదీ కాదు. రాష్ట్రాల నిబంధనలు వేరు, మీ రాష్ట్రానివి విడిగా చూసుకోండి. ఇండియాకి తెచ్చే ఆలోచనుంటే మానుకోండి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 మినహాయింపు, రిపేరు చేసినా పేల్చలేని పాత ఆయుధాలకే. పనిచేసే కోల్ట్ అందులోకి రాదు.