పీటీఏ అమ్మలకి శాలువా కప్పాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక చెల్లెలు అడిగిన సందేహం ఇది. భర్తకి డల్లాస్ దగ్గర ఉద్యోగం. ఆగస్టులో పాపని అక్కడ రెండో తరగతిలో వెయ్యాలి. ముందే వెళ్లిన స్నేహితురాలు "స్కూల్లో పీటీఏ వాళ్లతో బాగుండాలి, వాళ్లే అన్నీ చూసుకుంటారు" అందట. "వాళ్లెవరక్కా, టీచర్లా? ఏమైనా ఇచ్చుకోవాలా? బరంపురం పట్టు శాలువాలు ఒక నాలుగు కొనుక్కెళ్లమంటారా?"

శాలువాలు కొట్లోనే ఉండనీ తల్లీ. పీటీఏ అంటే పేరెంట్ టీచర్ అసోసియేషన్, బడికి సాయపడే తల్లిదండ్రులు, టీచర్ల సంఘం. నేను న్యూజెర్సీలో స్థిరపడ్డా ఏటా వేసవికి బరంపురం వస్తాను. గంజాం, గజపతి, రాయగడ వైపు నుంచి పిల్లల్ని తీసుకుని అమెరికా బయలుదేరే వాళ్లు వీసా గురించి, ఇంటి అద్దె గురించి అన్నీ కనుక్కుంటారు. బడి గురించి మాత్రం "సీటు దొరుకుతుందా" దగ్గరే ఆగిపోతారు. అక్కడ ప్రభుత్వ బడిలో సీటుకి టెన్షన్ లేదు. మీ ఇంటి అడ్రసు ఏ బడి పరిధిలోకి వస్తే ఆ బడిలో చేర్చుకుంటారు, ఫీజు ఉండదు. మనకి కొత్తగా ఉండేది ఆ బడిలో జీతం లేకుండా పనిచేస్తూ కనిపించే మనుషులు.

వాళ్లు టీచర్లు కారు, నీలాంటి తల్లులూ మీ ఆయనలాంటి తండ్రులూ. ఆలిస్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు 1897లో వాషింగ్టన్‌లో తల్లుల మహాసభగా మొదలుపెట్టిందే ఇప్పటి పీటీఏ. మన దగ్గరా 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. కాగితం మీద చూస్తే మనదే గట్టి ఏర్పాటు. కానీ చాలాచోట్ల మీటింగుకి వెళ్లి సంతకం పెట్టి టీ తాగి రావడంతో సరి. అక్కడ పీటీఏకి పెత్తనం తక్కువ, చాకిరీ ఎక్కువ.

ఆ చాకిరీ ఎలాంటిదో ఒకటి చెప్తాను. చలికాలంలో పిల్లలు జాకెట్లు, టోపీలు, ఒంటి చేతి గ్లవ్స్ ఎక్కడపడితే అక్కడ వదిలేస్తారు. అవన్నీ వరండాలో ఒక పెట్టెలో కుప్పపడతాయి. మా అమ్మాయి బడిలో ఒకావిడ నెలకోసారి ఆ కుప్పంతా కారులో వేసుకుపోయి, తన ఇంట్లో ఉతికి, మడతపెట్టి, లోపల పేరు రాసున్నవి క్లాసుల వారీగా పంచి, మిగిలినవి దానానికి పంపేది. ఆవిడ పేరు ఏ నోటీసు బోర్డు మీదా నేను చూడలేదు. లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దేవాళ్లు, టీచరు లామినేట్ చేసిన అక్షరాలు కత్తిరించి ఇచ్చేవాళ్లు, ఆటలపోటీల రోజు ఆఫీసుకి సెలవు పెట్టి ఐసు బస్తాలు మోసే తండ్రులు, అందరూ ఈ కోవే.

వీళ్లకి థాంక్స్ చెప్పడం గురించే కదా నీ ప్రశ్న. మన పద్ధతిలో అయితే వేదిక, మైకు, శాలువా, జ్ఞాపిక. పొగడ్తలో అందరూ మహానుభావులే, ఎవరేం చేశారో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడ ఖరీదైన వస్తువు ఇస్తే తీసుకునేవాళ్లకి ఇబ్బంది. చిన్న కార్డు చాలు, కానీ అందులో ఆ మనిషి చేసిన పని ఉండాలి. "బుక్ ఫెయిర్‌లో మా పాప దగ్గర డబ్బులు చాలకపోతే, ఉన్న డబ్బుల్లో వచ్చే ఇంకో పుస్తకం వెతికి ఇచ్చారు. రాత్రి అదే చదువుకుంటూ పడుకుంది." ఇంతే రాయి. కింద పాప చేత ఒక బొమ్మ వేయించు. మెయిల్ రాస్తే ప్రిన్సిపాల్‌ని కూడా సీసీలో పెట్టు. ఆ ఒక్క సీసీ నాలుగు శాలువాల పెట్టు.

ఏప్రిల్‌లో వాలంటీర్ల వారం వస్తుంది, చాలా బడుల్లో వాళ్లకి అల్పాహారమో ఏదో పెడతారు. మే మొదటి పూర్తి వారం టీచర్లది. తమాషా ఏంటంటే టీచర్లకి ఆ విందులు ఏర్పాటు చేసేది ఈ వాలంటీర్లే, కాబట్టి ఆ వారం వాళ్లని పట్టించుకునేవాళ్లుండరు. నా మాట వింటే కార్డు అప్పుడివ్వు.

తినేవి పంపేటప్పుడు జాగ్రత్త. ఇంట్లో చేసినవి క్లాసులోకి చాలా బడులు రానివ్వవు. సీలు విప్పని, దేనితో చేశారో అచ్చేసి ఉన్న పేకెట్లే కావాలంటారు. వేరుశెనగ ఉండలు, చిక్కీల జోలికి అసలు పోవద్దు. వేరుశెనగ పడని పిల్లలకి అది ప్రాణం మీదికొచ్చే సంగతి.

థాంక్స్ చెప్పడంతో పాటు ఒక చిన్న పని నువ్వూ అందుకో. ఉద్యోగం మీద వెళ్లినవాళ్ల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద ఉన్నా బడిలో జీతం లేని వాలంటీరు పని చేయొచ్చు. కాకపోతే మామూలుగా జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగాన్ని ఉచితంగా చేయకూడదు. టీచరు సెలవు పెట్టిన రోజు ఆవిడ బదులు పాఠం చెప్పే సబ్‌స్టిట్యూట్ టీచరుగా రమ్మంటే అది ఉద్యోగం, ఒప్పుకోకు. చాలాచోట్ల వాలంటీర్లకి బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే నేరచరిత్ర ఏమైనా ఉందా అనే విచారణ, ఉంటుంది. ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు (ఉద్యోగానికి, పన్నులకి అక్కడి ప్రభుత్వమిచ్చే నంబరు) అడిగితే హడలిపోకు. పని అనుమతి లేని హెచ్4 వాళ్లకి మామూలుగా ఆ నంబరు ఉండదు. పాస్‌పోర్టు సరిపోతుందా అని ఫ్రంట్ ఆఫీసులో అడుగు.

ఇంగ్లిష్ రాదని వెనకాడతావేమో. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, రైలెక్కితే హిందీ మాట్లాడి పెరిగినదానివి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన ఊళ్లు ఇటు వచ్చినప్పటి నుంచీ మన ఇళ్లలో జరుగుతున్నది ఇదే. తప్పుల్లేకుండా మాట్లాడాలని ఆగిపోయేది హైదరాబాదు వాళ్లు, మనం కాదు. పుస్తకాలు సర్దడానికి వ్యాకరణం ఎందుకు?

అన్నీ బాగుంటాయని అనను. కొన్ని పీటీఏలు అయిదారుగురు పాత స్నేహితురాళ్ల గుంపులా ఉంటాయి, కొత్తవాళ్లకేసి చూడరు. పిలుస్తారని కూర్చోకుండా "గురువారం ఒక గంట వస్తాను, ఏ పని ఇస్తారు?" అని సూటిగా అడుగు. మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఒక మూల చేరి మనలో మనమే మాట్లాడుకుంటాం, అది తగ్గించుకో. విరాళాల కోసం పిల్లల చేత చాక్లెట్లు అమ్మించడం నాకైతే నచ్చదు. కుదిరినంత డబ్బు నేరుగా ఇచ్చి ఊరుకుంటాను. కొన్ని కంపెనీలు ఉద్యోగి వాలంటీరుగా చేసిన గంటలకి లెక్కకట్టి బడికి విరాళమిస్తాయి, మీ ఆయన్ని ఆఫీసులో కనుక్కోమను. ఆయన్ని కూడా ఒక శనివారం బల్లలు మొయ్యడానికి పంపు, "అదంతా ఆవిడ చూసుకుంటుంది" అని తప్పించుకోనివ్వకు.

ఆవకాయ సంగతి కూడా అడిగావు. బడికి వద్దు. పీటీఏలో ఎవరితోనైనా నిజంగా స్నేహం కుదిరితే ఇంటికి భోజనానికి పిలిచి అప్పుడు వడ్డించు, పక్కన పెరుగన్నం మాత్రం మర్చిపోకు.