బాలనెరుపుకు రంగు మానేశాక: రెండు రంగుల జుట్టుతో ఇరవై నెలలు

"నాకు 32 ఏళ్లు. ఇంటర్ నుంచే జుట్టు నెరుస్తోంది. మూడు వారాలకోసారి రంగు వేసి విసిగిపోయాను. ఈ మధ్య చెవుల వెనక దురద కూడా మొదలైంది. మానేద్దామంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు, మాఘమాసంలో తమ్ముడి పెళ్లి ఉంది, ఏం చేయాలి?" అని జడ్చర్ల నుంచి మీరు అడిగారు. మాది నల్లగొండ. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. నాకిప్పుడు 38. 2022 బతుకమ్మ పండుగకు ముందు చివరిసారి రంగు వేసుకున్నాను. ఇప్పుడు నా తలలో ముప్పాతిక వంతు తెలుపే. మీరు రాసిన ప్రతి మాటా నేను పడ్డదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పెళ్లి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ దురద. దాన్ని చిన్నగా తీసుకోకండి. నాకు డిగ్రీ రెండో ఏడాదిలో కుడి కణత మీద మొదటి తెల్ల వెంట్రుక కనిపించింది. 24 ఏళ్లకు పెళ్లి కుదిరితే అమ్మే దగ్గరుండి రంగు వేయించింది. అప్పటి నుంచి పదకొండేళ్లు, ఏడాదికి 17 సార్ల లెక్కన, దాదాపు 180 సార్లు వేసుకున్నాను. స్నానాల గదిలో దానికోసమే ఒక సొట్ట గిన్నె, ఒక పాత పళ్ల బ్రష్షు, మరకలు పడిన ఒక నైటీ ఉండేవి. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ టిఫిన్ తింటుంటే నేను తలకు రంగు పట్టించి, మెడకు తువ్వాలు చుట్టుకుని, ఎవరు తలుపు కొడతారోనని బిక్కుబిక్కుమంటూ కూర్చునేదాన్ని. చివరి రెండేళ్లలో చెవుల వెనక దురద, తర్వాత నుదుటి అంచున ఎర్రటి పొక్కులు. ఏదో మందు రాసుకుని మళ్లీ రంగే వేసేదాన్ని. ఒక సోమవారం లేచేసరికి కనురెప్పలు వాచిపోయి కళ్లు సగమే తెరుచుకున్నాయి.

చర్మవైద్యుడు వీపు మీద చిన్న పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూశారు. ఒకచోట ఎర్రగా పొంగింది. అది పారాఫినైలీన్ డయామిన్, పెట్టెల మీద పీపీడీ అని రాసేది అదే. నల్లరంగు చాలాకాలం నిలవడానికి ఎక్కువ రంగుల్లో దీన్నే వాడతారు. ఒంటికి ఒకసారి ఇది పడకుండా పోయిందంటే ఇక జన్మంతా పడదని, మళ్లీ వేస్తే ఈసారి ఇంకా తీవ్రంగా రావచ్చని చెప్పారు. "హెన్నా పెట్టుకుంటాను కదా" అన్నాను. అప్పుడు ఆయన చెప్పిన మాట మీరూ గుర్తుపెట్టుకోవాలి. గోరింటాకు, మా వైపు మైదాకు అంటాం, దానిలో ఉండే రంగు ఎరుపు, నారింజ ఛాయే ఇస్తుంది. మైదాకు పేరుతో అమ్మే పొడి అరగంటలో కారునలుపు ఇస్తోందంటే అందులో ఇంకేదో కలిసి ఉంది, చాలాసార్లు అది ఇదే పీపీడీ. నేను "సహజం" అన్న మాట చూసి అలాంటి పొట్లాలు నాలుగైదు వాడాను. మీ దురద తగ్గేదాకా ఏ రంగూ ముట్టుకోవద్దు, చర్మవైద్యులను కలవండి.

ఆయనే రక్తపరీక్షలూ రాశారు: బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్. నాకు బి12 బాగా తక్కువగా ఉంది. మందులు వాడాక కాళ్ల తిమ్మిర్లు, నీరసం పోయాయి, జుట్టు మాత్రం నల్లబడలేదు. లోపం వల్ల నెరిసినవారికి కొన్నిసార్లు తిరిగి నల్లబడుతుంది, వంశంలో ఉన్నవారికి ఆ ఆశ పెట్టుకోకూడదు. మా నాన్నకు పాతికేళ్లకే నెరిసింది, నానమ్మదీ అదే కథ. ఇక్కడ ఎవరిని అడిగినా "ఫ్లోరైడ్ నీళ్ల వల్లే" అంటారు. ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ ఏం చేస్తుందో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు మనుషులను చూసిన మాకు తెలుసు. ఆ బాధ మామూలుది కాదు. కానీ తెల్ల వెంట్రుకలను దాని ఖాతాలో వేసి, చేయించుకోవలసిన పరీక్షలు మానుకోవద్దు.

ఇక అసలు విషయం. మానేయాలని నిర్ణయించుకోవడం కష్టమని అనుకుంటాం. నా అనుభవంలో అది ఒక సాయంత్రం పని. కష్టమంతా ఆ తర్వాత వచ్చే రెండు రంగుల నెలల్లో ఉంది. మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లను నలుగురిని చూశాను, నలుగురూ ఆ నెలల్లోనే వెనక్కి తగ్గారు.

వెంట్రుక నెలకు సెంటీమీటరు, మహా అయితే ఒకటింపావు పెరుగుతుంది. ఏడాదంతా కలిపినా జానెడు రాదు. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు కనుక రంగు వేసిన భాగం దానంతటది మారదు, పెరిగి కిందికి జరగాలి, మనం కత్తిరించాలి. రెండో నెలలో పాపిడి వెంబడి ముగ్గుపిండితో గీత గీసినట్టు ఉంటుంది. అయిదో నెలకు తెలుపు అయిదారు సెంటీమీటర్లు దిగుతుంది, పాత రంగేమో వెలిసి ఇటుక రంగులోకి తిరుగుతుంది. పైన తెలుపు, మధ్యలో మిగిలిన సొంత నలుపు, కింద ఇటుక రంగు. అద్దంలో చూసుకున్న ప్రతిసారీ నాకు ఏడుపు వచ్చేది. మూడో నెల నుంచి పదో నెల దాకా ఇంతే. ఈ కాలానికి ముందే సిద్ధపడితే సగం గెలిచినట్టే.

అమ్మ ఒక దారి చెప్పింది: "నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టుకు వెళ్లి జడల రామలింగేశ్వరుడికి తలనీలాలు ఇచ్చెయ్. కొత్తగా ఒకటే రంగు వస్తుంది." నిజానికి అన్నిటికన్నా త్వరగా అయ్యే దారి అదే. మొక్కు ఉంటే, మనసు ఒప్పితే మీరు నిస్సంకోచంగా ఆలోచించవచ్చు. నా మనసు ఒప్పుకోలేదు. ఎనిమిదో నెలలో, వేసవి సెలవుల్లో, నడుము దాకా ఉన్న జడను భుజాల దాకా కత్తిరించుకున్నాను. పార్లర్ అమ్మాయి కత్తెర పట్టుకుని "నిజంగా కత్తిరించమంటారా మేడమ్" అని మూడుసార్లు అడిగింది. ఆ తర్వాత ఆరేడు వారాలకోసారి అంగుళం చొప్పున తీయించాను. 2024 జూన్‌లో బడులు తెరవడానికి ముందు చివరి ఇటుక రంగు కొసలు నేల మీద పడ్డాయి. లెక్క చూస్తే ఇరవై నెలలు.

జనం మాటలు వస్తాయి. రావని అబద్ధం చెప్పను. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చిన కొత్తలో, 2023 డిసెంబరు చివరిలో, బస్సులో కండక్టర్ జీరో టికెట్ కోసం నా ఆధార్ కార్డు తీసుకుని కార్డు వైపు, నా వైపు రెండుసార్లు చూశాడు. కార్డులో నిగనిగలాడే నల్లటి జడ, ఎదురుగా సగం తెల్లబడిన తల. ఏమీ అనకుండా టికెట్ చించి ఇచ్చాడు. పక్క సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయి మాత్రం లేచి "కూర్చోండి పెద్దమ్మా" అంది. నాకు అప్పుడు 36. ఆ రోజు రాత్రి మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆ పిల్ల తప్పేమీ లేదు, మర్యాదే చేసింది. కానీ ఆ మాట తగిలిన చోటు ఇంకోటి.

అన్నిటికన్నా కష్టం అత్తమ్మతో వచ్చింది. ఆవిడకు 66. ఆవిడ ఇప్పటికీ రంగు వేసుకుంటారు. "పసుపు కుంకుమలతో ఉన్నదానివి, తల అట్లా పెట్టుకుంటే ఇంటికి అరిష్టం, నా కొడుకు నిన్ను సరిగ్గా చూసుకోవడం లేదనుకుంటారు" అన్నారు. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అందులో ఉన్నది భయం. ఆవిడ తరంలో ఆడదాని తల తెల్లబడడానికీ, ఆమె బతుకులో వెలుగు పోవడానికీ ముడి వేసి చూశారు. నేను వాదించలేదు. వాచిన కనురెప్పలతో తీసిన ఫోటో ఉంటే చూపించాను. చాలాసేపు చూసి, ఫోన్ తిరిగి ఇచ్చి, ఏమీ అనలేదు. ఆ తర్వాత చుట్టాలు ఎవరైనా నా తల సంగతి ఎత్తితే "దానికి పడదు" అని ఆవిడే ముగించేవారు. మీ ఇంట్లో కూడా అందం, స్వేచ్ఛ అంటూ మొదలుపెట్టకండి. దురద గురించి చెప్పండి, పొక్కులు చూపించండి. ఒంటి బాధ మనవాళ్లకు త్వరగా అర్థమవుతుంది.

బడి సంగతి చెప్పకుండా ఉండలేను. పిల్లలు పెద్దల్లా లోపల దాచుకోరు కదా, ఎనిమిదో తరగతిలో ఒకడు నేరుగా అడిగాడు: "టీచర్, మీ జుట్టుకు ఏమైంది?" ఆ పూట పాఠం ఆపి మైక్రోస్కోపు తీయించాను. నా తల నుంచే ఒక తెల్ల వెంట్రుక, ఒక సొంత నల్ల వెంట్రుక గాజుపలక మీద పెట్టి ఒక్కొక్కరినీ చూడమన్నాను. తెల్లది నిజానికి తెల్లగా ఉండదు. గాజు దారంలా ఉంటుంది. కుదురులో మెలనిన్ తయారుచేసే కణాలు పని మానేస్తే వెంట్రుక రంగు లేకుండా వస్తుంది, వెలుతురు దాని మీద చెదిరి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. పంచదార పలుకు విడిగా చూస్తే గాజులా ఉండి, కుప్పగా పోస్తే తెల్లగా కనిపించినట్టే.

అందరూ వెళ్లాక ఒక అమ్మాయి ఆగింది. పదమూడేళ్లుంటాయి. ఎడమ కణత దగ్గర నాలుగైదు పాయలు మిగతా జుట్టులా మెరవకుండా మట్టినలుపుగా అతుక్కుని ఉన్నాయి. దగ్గరికి వచ్చాక తెలిసింది, అది కాటుక. రోజూ పొద్దున తెల్ల వెంట్రుకల మీద వేలితో కాటుక రాసుకుని వస్తోంది. చెమట పడితే చెంప మీదికి కారుతుందని ఆటల పీరియడ్‌లో ఆడదట. "నాదీ ఇట్లా గాజులా ఉంటుందా టీచర్?" అని అడిగింది. ఒక వెంట్రుక తీసి చూపించాను. కన్ను అద్దానికి ఆనించి చాలాసేపు కదలలేదు. వాళ్ల అమ్మను పిలిపించి పిల్లకు రక్తపరీక్ష చేయించమని చెప్పాను. ఇప్పుడు పదో తరగతి. కొన్ని రోజులు కాటుక రాసుకుంటుంది, కొన్ని రోజులు మానేస్తుంది. నేను ఏమీ అనను. ఆ పిల్ల ఎదుట మళ్లీ రంగు వేసుకుని నిలబడలేను, అది మాత్రం నాకు తెలుసు.

సంరక్షణ గురించి నాలుగు మాటలు. తెల్ల వెంట్రుక కాస్త గరుకుగా, పొడిగా అనిపిస్తుంది, లేచి నిలబడుతుంది. తడిగా ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వండి. కొబ్బరినూనె రాత్రంతా ఉంచితే నాకు పసుపు ఛాయ వచ్చింది, అందుకే తలస్నానానికి గంట ముందు మాత్రమే రాస్తాను. బోరు నీళ్లతోనూ అదే ఇబ్బంది, చివరి రెండు చెంబులు కృష్ణా నీళ్లు పోసుకుంటాను. పాపిడిలో కుంకుమ పెడితే చుట్టూ వెంట్రుకలు గులాబీ రంగుకు తిరిగి రెండు స్నానాలకు గానీ వదలదు. పాపిడి మొదట్లో, నుదుటి చర్మం మీద పెట్టుకోండి. చీరల్లో లేత గోధుమ, గంధం రంగులు నా ముఖాన్ని పాలిపోయినట్టు చేశాయి. పుట్టపాక తేలియా నేతలోని ఎరుపు, నలుపు బాగా నప్పాయి. మీ వైపు నారాయణపేట చీరల్లో ముదురు రంగులకు కొదవే లేదు. ఇక కనకాంబరాలు తెల్ల జుట్టు మీద ఎంత వెలుగుతాయో నల్ల జడ ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు. 2024 సద్దుల బతుకమ్మ నాడు పొట్టి ముడి చుట్టూ ఒక మూర పెట్టుకుంటే, అత్తమ్మే ఇంకో మూర తెచ్చి చేర్చారు.

ఇప్పుడు తమ్ముడి పెళ్లి. దురద లేకపోతే "పెళ్లి అయ్యాకే మొదలుపెట్టండి" అనేదాన్ని. ఆడపడుచు మీద అందరి కళ్లూ ఉంటాయి, ఆ రోజు మీ తల గురించి సంజాయిషీ చెప్పుకుంటూ గడపడం మీకూ తమ్ముడికీ మంచిది కాదు. దురద ఉంది కాబట్టి అలా చెప్పలేను. పెళ్లి కోసమని ఒక్కసారి కూడా వేయవద్దు. వాచిన కళ్లతో పీటల పక్కన నిలబడడం కన్నా తెల్ల పాపిడి వెయ్యి రెట్లు నయం. ఇవాళ ఆపితే అప్పటికి మూడు, నాలుగు సెంటీమీటర్ల తెలుపు వస్తుంది. దాన్ని సర్దుకోవచ్చు. జుట్టు వెనక్కి దువ్వి గట్టిగా ముడి వేయించుకోండి, ముడి చుట్టూ నిండుగా పూలు పెట్టండి. మీ అమ్మగారి దగ్గర పాత పాపిడి బిళ్ల ఉంటుంది, అడగండి. గొలుసు పాపిడి పొడవునా పడుకుంటుంది, బిళ్ల నుదుటి మీదికి వస్తుంది. రెండు రంగుల గీత పడేది సరిగ్గా అక్కడే.