మన పాత కంప్యూటర్ చేస్తున్న చప్పుళ్ళ గురించి, అమ్మడికి

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో "పెదనాన్నా, సీపీయూ లోపల ఎవరో గోళ్ళతో గీకుతున్నట్టుంది, మధ్యమధ్యలో టక్కుమంటోంది" అన్నావు. వెనక నుంచి మీ నాన్న "పాత సామాన్లవాడికి వేసేద్దాం" అనడమూ వినబడింది. వేసెయ్యొద్దని చెప్పు. 2012లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగి ఒక్కో భాగం ఏరి కొని, మా ఇంట్లో బిగించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఖమ్మం తెచ్చాను దాన్ని. అంతకుముందు ఏడాది థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్కుల ధరలు మండిపోతున్న రోజులవి. ఒక టీబీ కొందామనుకుని 500 జీబీతో సరిపెట్టాను. ఆ డిస్కే ఇప్పటికీ అందులో ఉంది. నా బెంగంతా దాని గురించే.

ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకూ కంప్యూటర్ ఆన్ చెయ్యకు. ఎందుకో చెప్తాను.

ఇరవై రెండేళ్ళు తెనాలిలో రిపేరు షాపు నడిపాను. చప్పుడు చేస్తోందని వచ్చిన ప్రతివాళ్ళూ "ఎలాంటి చప్పుడో" నోటితో చేసి చూపించేవాళ్ళు. నేను మాత్రం "ఎప్పుడు వస్తోంది" అనే ముందు అడిగేవాణ్ణి. పొద్దున్న ఆన్ చెయ్యగానే గర్రుమని, పది నిమిషాలకి వేడెక్కాక తగ్గిపోతే అది ఫ్యాన్. లోపలి బేరింగులో నూనె ఎండిపోయి, చల్లగా ఉన్నప్పుడు రాసుకుంటుంది. ఏదైనా ఫైలు తెరిచినప్పుడో, కాపీ చేస్తున్నప్పుడో మాత్రమే వస్తే డిస్కు. మౌస్‌తో పేజీని కిందికీ పైకీ జరుపుతుంటే సన్నటి ఈల స్వరం మారుతుంటే, అది మదర్ బోర్డు మీదో, కరెంటు అందించే పెట్టె ఎస్ఎంపీఎస్‌లోనో ఉన్న రాగితీగ చుట్టల వణుకు. చెవికి చిరాకే తప్ప దానివల్ల ప్రమాదం లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ జుయ్యిమని లేచి అర నిమిషంలో ఆగిపోతే, డీవీడీ డ్రైవులో ఏదో డిస్కు మర్చిపోయారని అర్థం. ఇది చాలా ఇళ్ళలో చూశాను.

నీ మాటల్లో రెండు చప్పుళ్ళున్నాయి. గీకుడు ఫ్యాన్‌దే అయ్యుండొచ్చు. టక్కుమనేది నాకు నచ్చలేదు.

హార్డ్ డిస్కు లోపల అద్దంలా నున్నటి పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. దాని పైన చదివే హెడ్ వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తులో, పళ్ళేన్ని తాకకుండా గాలి మీద తేలుతుంది. తను ఎక్కడుందో తెలిపే గుర్తులు పళ్ళెం మీద రాసి ఉంటాయి. అవి కనబడకపోతే హెడ్ వెనక్కి మొదటి చోటికి పోయి, మళ్ళీ వచ్చి వెతుకుతుంది. ఆ పోవడం, రావడమే టక్, టక్, టక్. గడియారంలా ఒకే లయలో ఈ చప్పుడు వింటే వెంటనే ఆపెయ్యాలి. పళ్ళేనికి గీత పడుంటే, తిరిగిన ప్రతి నిమిషం ఆ గీత పెరుగుతుంది.

షాపు పెట్టిన కొత్తలో ఒక మాస్టారు సరిగ్గా ఈ చప్పుడుతోనే తెచ్చారు. శనివారం సాయంత్రం, షాపు నిండా పని. "నడుస్తోందిగా, సోమవారం తీసుకురండి మాస్టారూ" అన్నాను. ఆయన ఇంటికి పట్టుకెళ్ళి ఆదివారమంతా వాడారు. సోమవారం తెచ్చేసరికి డిస్కు పళ్ళెం తిరగడమే మానేసింది. ఆయన భార్య పోయి అప్పటికి ఏడాది. ఆవిడ ఫొటోలు వేరే ఎక్కడా లేవు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. ఆ రోజు నుంచీ టక్కుమనే డిస్కు వస్తే చేతిలో పని పక్కన పెట్టి ముందు దాన్నే చూశాను. అందుకే నిన్నూ ఆపమన్నాను.

అందుకని కంప్యూటర్ బాగుచెయ్యడం తర్వాత. ముందు అందులో ఉన్నవి బయటికి రావాలి. ఇవాళే ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొను. ఉన్న పెన్‌డ్రైవులతో సర్దుకోకు. అది చేతిలోకి వచ్చాకే కంప్యూటర్ ఆన్ చెయ్యి. చెయ్యగానే సినిమాల జోలికీ పాటల జోలికీ పోకు. డీ డ్రైవులో "నాయనమ్మ" అని ఫోల్డరుంది, అది ముందు. తర్వాత మీ ఇంటి ఫొటోలు, ఆపైన మీ నాన్న పొలం కాగితాల స్కాన్లు, ఆ వరసలో కాపీ చెయ్యి. ముందువైపు ఉన్న పాత యూఎస్‌బీ సాకెట్లలో పెడితే సెకనుకి ముప్పై ఎంబీ దాకా వస్తుంది, అంటే 100 జీబీకి దాదాపు గంట. ఏదైనా ఒక ఫైలు దగ్గర కాపీ ఆగిపోయి టక్కుమంటే, దాన్ని వదిలేసి తర్వాతిది తీసుకో. పట్టుబట్టి ఒకే ఫైలు మీద పదిసార్లు ప్రయత్నిస్తే మిగతావి కూడా పోగొట్టుకుంటాం.

కాపీ కాకముందే డిస్కు రిపేర్, చెక్ డిస్క్ లాంటివి నడపొద్దు. అవి పళ్ళెం మొత్తాన్ని తవ్వుతాయి, నలిగిపోయిన డిస్కుకి అంత పని చెప్పకూడదు. డిస్కుని కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందని నీకెవరైనా చెప్తారు. పెట్టకు. బయటికి తీశాక తేమ పడితే ఉన్న ఆశ కూడా పోతుంది. ఒకవేళ ఆన్ చేసిన మొదటి నిమిషంలోనే ఆగకుండా టకటకలాడి విండోస్ రాకపోతే, ప్లగ్గు తీసేసి నాకు ఫోన్ చెయ్యి. డేటా తీసిపెట్టే ల్యాబులున్నాయి. వాళ్ళు బాగా డబ్బు తీసుకుంటారు, అయినా మనం కెలకని డిస్కు ఇస్తేనే వాళ్ళకైనా వీలవుతుంది.

అన్నీ కాపీ అయ్యాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడు. బాగుంటే నీలం, అనుమానంగా ఉంటే పసుపు, పోయే దశలో ఉంటే ఎరుపు చూపిస్తుంది. కింద పట్టికలో "రీఅలొకేటెడ్ సెక్టార్స్", "కరెంట్ పెండింగ్ సెక్టార్" అన్న రెండు వరసలు (డిస్కు మీద చెడిన చోట్లు, చెడాయని అనుమానమున్న చోట్లు ఎన్నో చెప్పేవి) చూసి, వాటి ఎదురుగా చివర్లో ఉన్న అంకె నాకు చెప్పు. అక్కడ అన్నీ సున్నాలే ఉండాలి. ఇంకో అంకె కనబడి, అది వారం వారం పెరుగుతోందంటే ఆ డిస్కు మీద ఆశ వదులుకోవచ్చు. అయితే పైన నీలం చూపించినా చెవికి టక్కు వినబడుతుంటే చెవినే నమ్ము. ఆ పట్టిక బాగున్నా మర్నాటికి పోయిన డిస్కులు నేను చూశాను.

ఇక గీకుడు సంగతి. ఇది మన చేతిలో పని.

రాత్రి అందరూ పడుకున్నాక సీలింగ్ ఫ్యాన్ ఆపు. పాత క్యాలెండర్ కాగితం గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి పెట్టుకో, రెండో కొసతో క్యాబినెట్ పక్క రేకు తీసిన చోట ఒక్కో భాగం దగ్గరా విను. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. చప్పుడు ఎక్కడిదో ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కోసారి రేకు తియ్యగానే చప్పుడే మాయమవుతుంది. అప్పుడు రేకు స్క్రూలు వదులయ్యి వణుకుతోందన్నమాట, బిగిస్తే సరి. టపటపమని లెక్కగా కొడుతుంటే ఏదో వైరు జారి ఫ్యాన్ రెక్కకి తగులుతోంది. దాన్ని పక్కకి లాగి ప్లాస్టిక్ ట్యాగుతో కట్టు.

లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పూర్తిగా పీకెయ్యాలి. స్విచ్చి ఆపితే చాలదు. పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకి ఆ తర్వాతే బోర్డు ముట్టుకో. ఆ రోజు నైలాన్ చున్నీ వద్దు, నూలుది వేసుకో.

పదమూడేళ్ళ దుమ్ము ఉంటుంది. మేడ మీదికి తీసుకెళ్ళి మెత్తటి పెయింట్ బ్రష్షుతో కదిపి, బ్లోయర్‌తో ఊదు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకోవడం మర్చిపోకు. గాలికి అది గిర్రున తిరుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ బేరింగు పాడవుతుంది. పైగా అలా తిరిగే ఫ్యాన్ చిన్న డైనమోలా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపుతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము కంబళిలా పేరుకుని ఉంటుంది. లోపలి వేడి బయటికి పోక ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. సగం ఇళ్ళలో "కంప్యూటర్ విమానంలా మోగుతోంది" అనే ఫిర్యాదుకి కారణం ఇంతే.

దుమ్ము తీశాక కూడా గీకుతుంటే నూనె వేద్దాం. ఫ్యాన్ మధ్యలో ఉన్న స్టిక్కరు ఒక పక్క మెల్లగా లేపు, కింద చిన్న గుంట కనబడుతుంది. అక్కడ కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి, వేలితో నాలుగుసార్లు తిప్పి, స్టిక్కరు మళ్ళీ అతికించు. ఒక్కటంటే ఒక్కటే, ఎక్కువైతే స్టిక్కరు అంటుకోదు, చిమ్మిన నూనెకి దుమ్ము పడుతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వెయ్యకు. డిసెంబరు చలికి సీసాలో గడ్డకట్టేది బేరింగులోనూ గడ్డకడుతుంది. నూనెతో కొన్ని నెలలు గడుస్తాయి, ఈలోపు కొత్త ఫ్యాన్ తెప్పించుకోవాలి. కొత్తది వేసేటప్పుడు ప్రాసెసర్ వేడిని పై రేకులకి అందించే పాత థర్మల్ పేస్టుని గీకకుండా దూదితో తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టు. ఫ్యాన్ మూలల్లో ఉన్న నాలుగు ప్లాస్టిక్ కాళ్ళనీ ఎదురెదురు జంటలుగా నొక్కాలి. ఒక్కోటీ టిక్కుమని కూర్చోవాలి. మూడు కూర్చుని నాలుగోది లేచి ఉంటే ప్రాసెసర్ బాగా వేడెక్కిపోతుంది. బోర్డు వెనక నుంచి చూసి మరీ నిర్ధారించుకో.

వెనక పైమూల ఉన్న పెట్టె, అంటే ఎస్ఎంపీఎస్ నుంచి చప్పుడు వస్తుంటే మాత్రం నువ్వు ఏ పనీ చెయ్యొద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట దాటకు. ఇంటి 230 వోల్టులు అందులో 325 దాకా చేరి పెద్ద కెపాసిటర్‌లో నిలవుంటాయి. ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటాయి. స్క్రూ విప్పి ఫ్యాన్‌కి నూనె వేస్తాననుకుని షాక్ తిన్న కుర్రాడికి నేను నీళ్ళు తాగించాల్సి వచ్చింది. అది చెడితే పెట్టె మొత్తం మార్చడమే. లోపల బల్లి చచ్చి ఉన్నా అంతే, వాసన వస్తే షాపుకి పంపు.

ఇంకో సంగతి. క్యాబినెట్ తాకితే వేళ్ళు జివ్వుమంటాయని నువ్వు ఇదివరకోసారి అన్నావు. మీ ఇంట్లో ఆ ప్లగ్గు బోర్డుకి ఎర్త్ లేదు. స్పీకర్లలో గుయ్యిమనే రొద కూడా చాలామటుకు అందువల్లే. మీ నాన్నని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్త్ వేయించమను. కంప్యూటర్ ఉన్నా లేకపోయినా చేయించాల్సిన పని అది. యూపీఎస్ బీప్ బీప్‌మంటే కంప్యూటర్‌ని అనుమానించకు, దాని బ్యాటరీకి మూడేళ్ళు నిండుంటాయి. ఆన్ చెయ్యగానే తెర రాకుండా బీప్‌లు కొడితే ప్లగ్గు పీకి, ర్యామ్ అనే మెమరీ పట్టీ తీసి, పసుపురంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ గట్టిగా పెట్టు.

పాత డిస్కు తీసేసి 240 జీబీ ఎస్ఎస్‌డీ పెడదాం. దానిలో తిరిగేదేమీ లేదు, చప్పుడుండదు, ఈ పాత ఐ3 ప్రాసెసర్ కూడా హుషారుగా లేస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది, విండోస్ 11 ఆ ప్రాసెసర్‌కి ఇవ్వరు. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేద్దాం. మీ నాన్నకి కావలసింది పేపరు చదవడం, వీడియోలు, కరెంటు బిల్లు కట్టడమేగా. అది ఎలా వెయ్యాలో ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నాయనమ్మ ఫోల్డరులో 2014 సంక్రాంతికి నువ్వు ఫోన్‌లో పట్టిన మంగళహారతి ఉంది. నడుమ దగ్గు వచ్చి ఆగి, నవ్వి, మళ్ళీ అందుకుంటుంది మా అమ్మ. కాపీ మొదలుపెట్టినప్పుడు ఆ ఒక్క ఫైలు అన్నిటికంటే ముందు తీసి నాకు వాట్సాప్‌లో పంపు, తర్వాతే మిగతావి. రేపు ఉదయం తొమ్మిదింటి నుంచి ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

ఉంటాను,
మీ పెదనాన్న