పెళ్లికొడుకు హెచ్ ఇండెక్స్ 9 అట, ఫర్వాలేదా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరి రైతులం. మా అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి హైదరాబాద్‌లో కెమిస్ట్రీ సైంటిస్ట్. జీతం ఎంతండీ అని అడిగితే పేరయ్య గారు "అబ్బాయికి 1,800 సైటేషన్లు, హెచ్ ఇండెక్స్ 9" అంటారు తప్ప అసలు సంగతి చెప్పరు. ఇవి మంచి అంకెలేనా? - ఒక తండ్రి, కోనసీమ

జవాబు: ముందు జీతం విడిగా అడగండి, సైటేషన్లకి ఎవరూ చెక్కు రాయరు.

సైటేషన్ అంటే, ఈ అబ్బాయి రాసిన పరిశోధన పేపర్‌ని ఇంకో శాస్త్రవేత్త తన పేపర్లో "ఫలానా వాళ్ల పని చూసి చేశాం" అని పేర్కొనడం. అలా 1,800 సార్లు జరిగిందన్నమాట. హెచ్ ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క. మీకు కొబ్బరి దింపు లెక్కలో చెబితే తేలిక. చెట్టంటే ఒక పేపర్, కాయంటే దానికొచ్చిన ఒక సైటేషన్ అనుకోండి. కాయలు ఎక్కువున్న చెట్టు నుంచి మొదలుపెట్టి మీ చెట్లని వరస పెట్టండి. మూడో చెట్టుకి కనీసం మూడు కాయలున్నాయా, ఏడో చెట్టుకి ఏడున్నాయా అని చూసుకుంటూ వెళ్లండి. తొమ్మిదో చెట్టుకి తొమ్మిదున్నాయి, పదో చెట్టుకి పది లేవు, అక్కడ ఆగిపోండి. అదే హెచ్ ఇండెక్స్ 9.

ఇప్పుడు మీ అంకెల్లో తమాషా చూడండి. హెచ్ 9 రావడానికి 81 సైటేషన్లు ఉన్నా చాలు. మరి ఈయనకి 1,800 ఎక్కడివి? బహుశా ఒకటో రెండో చెట్లు విరగకాశాయి, మిగతావి మామూలు కాపు. ఆ విరగకాసిన పేపర్ ఏంటి, అందులో అబ్బాయి పేరు ముందుందా, లేక పాతికమంది మధ్యలో ఎక్కడో ఉందా అన్నది చూడాలి. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ వెబ్‌సైట్‌లో ఆయనకి ప్రొఫైల్ ఉంటే ఇవన్నీ ఉచితంగానే కనిపిస్తాయి. ఎవరు పేర్కొన్నారో కూడా నొక్కి చూడొచ్చు, అందులో సగం ఆయన సొంత పేపర్లే అయితే అది వేరే కథ. సైటేషన్లు లెక్కపెట్టే ఇంకో డేటాబేస్ స్కోపస్‌లో అంకె తక్కువ కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ వడపోత ఎక్కువ, గూగుల్ థీసిస్‌ల్ని కూడా లెక్కేసుకుంటుంది.

ఒక్క పేపరే కాసిందంటే తక్కువని నేననను. 1951లో లోరీ అనే బయోకెమిస్ట్, ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి రాశాడు, దానికి 3 లక్షలు దాటాయి సైటేషన్లు. అది తన గొప్ప పేపరేమీ కాదని ఆయనే ఒప్పుకున్నాడు. నలుగురికీ రోజూ పనికొచ్చింది, అంతే.

అంత దూరం ఎందుకండీ, గోదావరి దాటితే భీమవరం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ (భాస్వరం) ఎంతుందో రంగుని బట్టి చెప్పే పద్ధతి 1925లో అచ్చు వేయించారు. మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి, ఇంకో మందు వేస్తే టెస్ట్ ట్యూబులో నీళ్లు నీలంగా మారతాయి, ఫాస్ఫరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. మీ పొలం మట్టి పరీక్షకి ఇచ్చినప్పుడు భాస్వరం కోసం వచ్చే నీలం కూడా ఆ కుటుంబానిదే. దాన్ని దశాబ్దాలపాటు వేలమంది పేర్కొన్నారు. చిత్రమేంటంటే ఇలాంటి పద్ధతి మరీ అలవాటైపోతే పేరు రాయడం మానేస్తారు, అందరికీ తెలిసిందే కదా అని. అంటే బాగా వాడుకలో ఉన్న పనికి ఒక్కోసారి కాయలు తక్కువ కనిపిస్తాయి! అంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

ఇంకోటి, ఈ అంకెల్ని వయసుతో కలిపి చూడాలి. హెచ్ ఇండెక్స్ పెరగడమే గానీ తగ్గదు, కాబట్టి ముప్ఫై ఏళ్లవాడిని అరవై ఏళ్ల ప్రొఫెసర్‌తో పోల్చకండి. గణితం వాళ్లతో అసలే వద్దు, వాళ్లకి సైటేషన్లు తక్కువ.

మీ అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అన్నారు కదా. పేరయ్య గారిని పక్కనపెట్టి, ఆ విరగకాసిన పేపర్ ఏదో ఆమెనే తీసి చదవమనండి, పెళ్లిచూపుల్లో దాని గురించి అడగమనండి. సొంతంగా చేసిన పనైతే అబ్బాయి కాఫీ చల్లారిపోయేదాకా చెబుతాడు.