ఓటేసే ముందు ఒక మంగళవారం రాత్రి గేటు దగ్గర నిలబడు

ఒరేయ్ నాన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివా. మీ క్లబ్ సపోర్టర్స్ ట్రస్ట్, అదే అభిమానుల సంఘం, బోర్డులోకి నిన్ను ఎన్నుకున్నారంటే ఎంత సంతోషమేసిందో, సికింద్రాబాద్‌లో పుట్టినోడు ఇంగ్లండ్‌లో ఒక ఊరి ఫుట్‌బాల్ క్లబ్ ఏమవ్వాలో తేల్చే ఓటు వేస్తున్నాడంటే మీ తాతయ్య ఉంటే ఊరంతా చెప్పుకునేవారు, ఆయన మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ కొట్టిన రోజుల మనిషి కదా.

సరే, అసలు విషయానికొస్తా. ఆరు వేల మంది పట్టే పాత గ్రౌండ్ అమ్మేసి బైపాస్ పక్కన పదిహేను వేల సీట్ల స్టేడియం కడదామంటున్నారు, చెయ్యెత్తాలా వద్దా అనడిగావు. ఇప్పుడున్న ప్లాన్‌కి మాత్రం ఎత్తొద్దు. కొత్త స్టేడియం వద్దని కాదు నేననేది, ఈ సైజుది, ఈ అప్పుతో, ఉన్న ఇల్లు ముందే అమ్ముకుని వద్దంటున్నా. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

మా క్లబ్ ట్రస్ట్‌కి నేను తొమ్మిదేళ్ళు ట్రెజరర్‌గా చేశానని నీకు తెలుసు, నీకు తెలీనిది ఒకటుంది. ఒక ఏడాది కప్‌లో పెద్ద టీమ్ మా గ్రౌండ్‌కి వచ్చింది, టికెట్లు గంటల్లో అయిపోయాయి, వీధి చివరి దాకా క్యూ, దొరకని పిల్లలు పక్క గోడెక్కి చూశారు. ఆ ఊపులో తర్వాతి సీజన్ బడ్జెట్‌లో మ్యాచ్‌కి సగటున వెయ్యి మంది ఎక్కువ వస్తారని రాశాం, సంతకం పెట్టింది నేనే. వాళ్ళు రాలేదు. నవంబర్‌కల్లా జీతాలకి డబ్బుల్లేక డైరెక్టర్ల దగ్గర చేబదులు తెచ్చాం, టీ కొట్టులో పనిచేసే పెద్దావిడకి ఈ నెల కాస్త ఆలస్యమవుద్దమ్మా అని నేనే వెళ్ళి చెప్పాల్సొచ్చింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, కౌంటర్ తుడుస్తూనే ఉంది, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. అప్పట్నుంచీ ఎవరైనా కప్ మ్యాచ్ జనాన్ని చూపించి స్టేడియం సంగతి ఎత్తితే నాకు ఆ కౌంటరే గుర్తొస్తది.

డార్లింగ్టన్ మాకు దగ్గరే, అక్కడ జరిగింది మీ బోర్డులో ప్రతి ఒక్కరికీ తెలియాలి. 1883లో పుట్టిన క్లబ్, ఫీథమ్స్ అని ఊరి మధ్యలో నడిచెళ్ళే దూరంలో గ్రౌండ్. జార్జ్ రేనాల్డ్స్ అనే ఆయన 1999లో క్లబ్ కొన్నాడు, వంటింటి వర్క్‌టాప్‌ల వ్యాపారంలో బాగా సంపాదించినాయన, 2003లో ఊరి చివర 25,000 సీట్ల స్టేడియం లేపాడు, పాలరాయి, ఎస్కలేటర్లు అన్నీ పెట్టి. ఆడేది నాలుగో డివిజన్‌లో. మొదటి మ్యాచ్‌కి 11,600 మంది వచ్చారు, అక్కడ ఫుట్‌బాల్‌కి అంతకు మించి మళ్ళీ రాలేదు. ప్లానింగ్ పర్మిషన్ ప్రకారం మామూలుగా పది వేలకి మించి కూర్చోబెట్టే వీలే లేదు, మరి మిగతా పదిహేను వేల కుర్చీలు ఎవరి కోసం వేసినట్టు? అదే ఏడాది డిసెంబర్‌కల్లా క్లబ్ అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే బయటి అధికారుల చేతుల్లోకి పోయింది. 2009లో ఇంకోసారి, 2012లో ఇంకోసారి. చివరికి నాలుగు డివిజన్లు కిందకి తోసేస్తే అభిమానులే చందాలేసుకుని పక్క ఊళ్ళో గ్రౌండ్ అడుక్కుని ఆడారు.

నేనొక శనివారం ఆ స్టేడియంలో మ్యాచ్ చూశా. జనం రెండు వేల చిల్లర. ఒక స్టాండ్‌లోనే అందర్నీ కూర్చోబెట్టారు, మిగతా మూడు వైపులా ఖాళీ కుర్చీలు, గోల్‌కీపర్ "మ్యాన్ ఆన్" (నీ వెనకే ఒకడున్నాడు) అని అరిస్తే ఆ అరుపు ఎదుటి స్టాండ్‌కి తగిలి మళ్ళీ వినపడేది. అక్కడి అభిమానులు పాట ఎత్తుకుంటే పైకప్పు కిందే ఎక్కడో పోయేది. ఫీథమ్స్‌లో అదే రెండు వేల మంది ఉంటే అవతలి టీమ్ వింగర్ చెవులు మూసుకునేవాడు.

ఇంకోటి చెప్తా, ఇది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తది. ఆ అభిమానుల క్లబ్ కష్టపడి పైకొచ్చి 2017లో పై డివిజన్‌కి వెళ్ళే ఛాన్సిచ్చే ప్లేఆఫ్ స్థానం సంపాదిస్తే, అప్పుడాడుతున్న రగ్బీ గ్రౌండ్‌లో కప్పు కింద 500 సీట్లు లేవని ప్లేఆఫ్ ఆడనివ్వలేదు. పద్నాలుగేళ్ళ క్రితం పాతిక వేల సీట్లున్న క్లబ్‌రా అది. అవసరం 500 సీట్లే.

నీ ఫ్రెండ్ ఆర్సెనల్‌ని చూపిస్తున్నాడన్నావు. ఆర్సెనల్ లెక్క వేరు. వాళ్ళ పాత గ్రౌండ్ హైబరీలో 38 వేల సీట్లు నిండి, సీజన్ టికెట్ కోసం వేలమంది ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్నారు, అంటే జనం ముందొచ్చారు, కుర్చీలు తర్వాతొచ్చాయి. అంతటి క్లబ్ కూడా 39 కోట్ల పౌండ్లు పెట్టి 2006లో ఎమిరేట్స్‌కి మారాక అప్పు తీర్చుకుంటూ మంచి మంచి ఆటగాళ్ళని అమ్ముకుంది, 2005 తర్వాత మళ్ళీ పెద్ద కప్పు ఎత్తింది 2014లోనే. టోటెన్‌హామ్ స్టేడియం ఆలస్యమై 2019 ఏప్రిల్‌లో గానీ తెరవలేదు, 2018 వేసవిలో ఒక్క ఆటగాణ్ణి కూడా కొనలేదు. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్ళు ఊరికే అన్లేదు. వాళ్ళకి నష్టాలు మోయడానికి టీవీ డబ్బులున్నాయి, మీకేమున్నాయి? గేటు దగ్గరొచ్చేదేగా.

అన్ని క్లబ్బులూ పెంచుకుంటూనే పోయాయనుకోకు, ఇటలీలో యువెంటస్ తగ్గించుకుంది. పాత గ్రౌండ్ డెల్లె ఆల్పిలో దాదాపు 70 వేల సీట్లు, మధ్యలో రన్నింగ్ ట్రాక్, ఆట ఎక్కడో దూరంగా కనపడేది, 2001-02 సీజన్‌లో ఒక కోప్పా ఇటాలియా మ్యాచ్‌కి 237 మంది వచ్చారు. దాన్ని కూల్చి అదే చోట 41 వేల స్టేడియం 2011లో తెరిచారు, మొదటి సీజన్‌లోనే లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండా టైటిల్ కొట్టారు. టైటిల్ స్టేడియం వల్లే వచ్చిందనను గానీ, నిండిన స్టేడియంలో ఆడటం వేరేరా.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ముందు పర్మిషన్ల కాగితాలు, ఆ తర్వాత స్థలం కాగితాలు చూడు. బైపాస్ పక్క స్థలం క్లబ్ పేరు మీద ఉంటదా, డెవలపర్ పేరు మీదా? కోవెంట్రీ వాళ్ళు 2005లో 32 వేల సీట్ల కొత్తదానికి మారారు గానీ అది వాళ్ళది కాదు, గొడవలై 2013లో నార్తాంప్టన్‌లో, 2019లో బర్మింగ్‌హామ్‌లో హోమ్ మ్యాచ్‌లు ఆడాల్సొచ్చింది. సొంతూళ్ళో కాదు, పక్కూళ్ళో. పాత గ్రౌండ్ అమ్మకం, కొత్తది చేతికి రావడం ఒకే రోజు జరిగేలా రాయించలేకపోతే మాటలు ఆపేయమను.

తర్వాత, మీకు ఏడాదికి లీగ్‌లో సొంత మ్యాచ్‌లు 23. మిగతా 342 రోజులు ఆ బిల్డింగ్ ఏం సంపాదిస్తది? పెళ్ళిళ్ళు, కాన్ఫరెన్సులు అంటారు, ఆ ఊళ్ళో ఇప్పటికే ఎన్ని హాళ్ళున్నాయో వెళ్ళి లెక్కపెట్టు. స్టీవార్డ్‌లు, కరెంటు, బిజినెస్ రేట్స్ అనే పన్ను, ఏటా సేఫ్టీ సర్టిఫికెట్ పనులు, ఖాళీ కుర్చీకి కూడా ఖర్చుంటది.

మరి ఏం చేద్దాం అంటావు. పిండి కొద్దీ రొట్టె. ఏఎఫ్‌సీ వింబుల్డన్ వాళ్ళు 2020లో ప్లౌ లేన్‌కి తిరిగొచ్చినప్పుడు తొమ్మిది వేల చిల్లరతో మొదలెట్టారు, కావాలంటే తర్వాత 20 వేలకి పెంచుకునేలా. డబ్బు తక్కువైతే బాండ్లమ్మి అభిమానుల దగ్గరే 50 లక్షల పౌండ్లకు పైగా పోగేశారు. క్లబ్ కూడా అభిమానులదే. బ్రెంట్‌ఫర్డ్ 17 వేల స్టేడియంతోనే ప్రీమియర్ లీగ్‌కి వెళ్ళింది. మీరు కూడా ఉన్నచోటే రైల్వే వైపు పాత స్టాండ్ పడగొట్టి, టాయిలెట్లు, వీల్‌చైర్ చోటు, కప్పు సరిగ్గా ఉన్న రెండు వేల సీట్ల స్టాండ్ కట్టమని వేరే ప్రతిపాదన పెట్టు. మూడు సీజన్లు వరసగా అది నిండితే అప్పుడు బైపాస్ గురించి మాట్లాడుకుందాం, అప్పుడు నేనే చెయ్యెత్తమంటా.

వచ్చే మంగళవారం మీకు రాత్రి మ్యాచ్ ఉందన్నావుగా. వాన పడేలా ఉంది. గేటు దగ్గర నిలబడి ఎంతమంది లోపలికెళ్ళారో నువ్వే లెక్కపెట్టు, క్లబ్ చెప్పే అంకె కాదు, అందులో సీజన్ టికెట్ ఉండి రానివాళ్ళు కూడా ఉంటారు. టికెట్ దొరక్క ఎంతమంది వెనక్కెళ్ళారో కూడా రాసుకో. రెండు అంకెలూ ఆ రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పు, ఎంత లేటైనా పర్లేదు, మేలుకునే ఉంటా. స్థలం కాగితాలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు, పెద్దమ్మ కళ్ళజోడు తెచ్చిస్తానంది.

మీ పెదనాన్న