అనిమేలో కబుకి పాలెంత? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

జపాన్ అనిమే (యానిమేషన్) ధారావాహికల గురించి ఈ శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఈసారి ఆ దేశపు సంప్రదాయ నాటకరంగాన్ని ప్రస్తావించినవాటిని ఒకచోట చేర్చి సమాధానాలిస్తున్నాము.

‘వన్ పీస్’లో వానో దేశపు కథ నడిచినంత కాలం మధ్యమధ్య రంగుల తెర పక్కకు జరగడం, చెక్కలు టకటకమని కొట్టిన చప్పుడు వినిపించడం గమనించాను. మా పిల్లలు అది ఆ ధారావాహికకే ప్రత్యేకమైన హంగు అనుకుంటున్నారు. అది ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

అది జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి నుంచి నేరుగా తెచ్చుకున్నది. నలుపు, ఇటుక ఎరుపు, ఆకుపచ్చ నిలువు చారలున్న తెరను కబుకిలో పైకి ఎత్తరు. ఒక మనిషి దాన్ని పట్టుకుని వేదికకు అడ్డంగా పరుగెత్తుతూ పక్కకు లాగుతాడు. ఆ సమయంలో రెండు గట్టి చెక్కలను ఒకదానితో ఒకటి మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా కొడతారు. 2019 జూలై నుంచి 2023 చివరిదాకా ప్రసారమైన వానో కథను రచయిత ఐయిచిరో ఓదా నాటకంలాగే అంకాలుగా విభజించాడు కనుక తెర, చెక్కలు అక్కడ అలంకారానికి పెట్టినవి కావు, కథ నిర్మాణంలో భాగమే. ఆ కథలో పురుషుడిగా పుట్టి స్త్రీగా జీవించే పాత్రకు కికునోజో అని పేరు పెట్టారు. 18వ శతాబ్దంలో స్త్రీపాత్రలకు పేరు మోసిన సెగావా కికునోజో అనే నటవంశం ఒకటి ఉన్నది. ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

అనిమేలో కథానాయకుడు దెబ్బ కొట్టబోయే ముందు ఒక్కసారిగా బిగుసుకుపోయి, కళ్ళు పెద్దవి చేసి, తన పేరో తన విద్య పేరో గట్టిగా అరుస్తాడు. ఇదంతా కబుకి నుంచే వచ్చిందని స్నేహితుల మధ్య వాదన జరుగుతోంది. అందులో నిజమెంత?
– ఒక విద్యార్థి, వరంగల్లు

మీ స్నేహితుల వాదనలో నిజమున్నది కానీ అది అన్నిచోట్లా సమానంగా లేదు. రెండు అంశాలను విడదీసి చూడవలసి ఉంటుంది.

మొదటిది బిగుసుకుపోవడం. కబుకిలో భావం పతాకస్థాయికి చేరినప్పుడు నటుడు తల ఒక్క విదిలింపుతో తిప్పి, కాళ్ళు బారచాపి, కనుగుడ్లు ముక్కువైపు తెచ్చి కొన్ని క్షణాలు విగ్రహంలా నిలిచిపోతాడు. దీనిని మియె అంటారు. ఆ క్షణంలో వేదిక అంచున కూర్చున్న మనిషి చెక్కపలక మీద రెండు చెక్కముక్కలతో దెబ్బలు వేస్తాడు. మన పౌరాణిక నాటకంలో పద్యం ముగియగానే ‘వన్స్ మోర్’ కేకలు లేచినట్లే అక్కడా ప్రేక్షకుల్లో పైవరుసల వారు నటుడి వంశానికి చెందిన బిరుదనామాన్ని అరుస్తారు. ఇచికావా దంజూరో వంశపు నటుడైతే ‘నారితాయా’ అన్న కేక వినిపిస్తుంది. ఈ ఉగ్రమైన వీరాభినయ శైలిని రూపొందించినవాడిగా మొదటి దంజూరోను (1660–1704) చెప్పుకుంటారు. ముఖం మీద కండరాల వెంట గీసే రంగుల చారలకూ అర్థాలున్నాయి. ఎరుపు ధర్మాగ్రహానికి, నీలం దుష్టులకూ ప్రేతాలకూ, గోధుమరంగు మానవేతర భూతాలకు వాడతారు.

అయితే టెలివిజన్ అనిమేలో బొమ్మ ఆగిపోవడానికి అసలు కారణం మియె కాదు, డబ్బు. 1963 జనవరి 1న ప్రారంభమైన ‘ఆస్ట్రో బాయ్’ని కామిక్ కథల రచయిత ఒసాము తెజుకా సంస్థ వారానికి అరగంట చొప్పున చాలా తక్కువ ఖర్చుతో తయారుచేయవలసి వచ్చింది. సెకనుకు 24 చట్రాలు నడిచే ఫిల్ములో ఒక్కొక్క బొమ్మను మూడేసి చట్రాల పాటు నిలపడం, ముఖం కదలకుండా పెదవులు మాత్రమే కదిలించడం, ఒకసారి గీసిన దృశ్యాన్ని దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడటం అప్పుడు స్థిరపడిన పద్ధతులే. తరువాతి తరంలో ఒసాము దెజాకి వంటి దర్శకులు ఆ ఆగిన బొమ్మను వర్ణచిత్రంలా తీర్చి, కొరతనే శైలిగా మార్చారు. ఆగిన క్షణాన్ని లోపంగా కాక ఉద్వేగంగా చూడటం జపాన్ ప్రేక్షకులకు రంగస్థలం ముందే అలవాటు చేసిందని నేను అనుకుంటాను. అందువల్ల కబుకిని అనిమేకు జన్మనిచ్చినదిగా కాక, దాన్ని ఆదరించగల ప్రేక్షకులను సిద్ధం చేసిపెట్టినదిగా చెప్పడం న్యాయం.

రెండవది పేరు చెప్పుకోవడం. ఇక్కడ మాత్రం సంబంధం చాలా దగ్గరిది. కవతాకే మొకుఅమి 1862లో రాసిన నాటకంలో అయిదుగురు దొంగలు నది ఒడ్డున వరుసగా నిలబడి, గొడుగులు పట్టుకుని, ఒకరి తరువాత ఒకరు తమ పుట్టుపూర్వోత్తరాలు లయబద్ధంగా చెప్పుకునే ఘట్టం ఒకటున్నది. 1992లో మొదలైన ‘సెయిలర్ మూన్’ బాలికలైనా, రంగురంగుల దుస్తుల వీరుల బృందాలైనా శత్రువు ఎదురుగా నిలబడి ఉండగానే తీరుబడిగా తమను పరిచయం చేసుకుంటున్నారంటే ఆ ఘట్టం నీడ వారి మీద ఉన్నది. శత్రువు అంతసేపు ఎందుకు ఊరుకుంటాడన్న ప్రశ్న కబుకి చూసిన వారికి తట్టదు. ‘నరుటో’లో జిరైయా ప్రవేశాన్ని కూడా ఒకసారి మళ్ళీ చూడండి. ముఖం మీది ఎర్రచారలు, చెక్క చెప్పులు, జడల్లా పరచుకున్న జుట్టు, ఒంటికాలి మీద తిరుగుతూ చేసే ఆత్మస్తుతి అన్నీ రంగస్థలానివే. కప్ప మంత్రం తెలిసిన జిరైయా, అతని ప్రత్యర్థి ఒరోచిమారు, సునాదే అనే స్త్రీ ముగ్గురూ 19వ శతాబ్దపు ధారావాహిక కథలోని పాత్రలు. ఆ కథను 1852లోనే కబుకి నాటకంగా ఆడారు.

కబుకిలో స్త్రీపాత్రలు పురుషులే వేస్తారట. అనిమేలో మాత్రం ‘డ్రాగన్ బాల్’ గోకు, ‘వన్ పీస్’ లూఫీ, నరుటో వంటి మగపిల్లల గొంతులన్నీ స్త్రీలవేనని విన్నాను. ఈ తలకిందుల వ్యవహారానికి కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

రెండింటికీ కారణాలు వేరు. కబుకిని 1603 ప్రాంతంలో క్యోటోలో మొదలుపెట్టింది ఇజుమో నో ఒకుని అనే స్త్రీయే. 1629లో నీతి పేరిట స్త్రీలను వేదిక మీద నిషేధించారు. వారి స్థానంలో వచ్చిన యువకుల బృందాలనూ అదే ఆరోపణతో 1652లో నిషేధించడంతో వయసు వచ్చిన పురుషులకే నాటకం మిగిలింది. నిర్బంధం వల్ల వచ్చిన ఈ పద్ధతి తరువాత ఒక ఉన్నతమైన విద్యగా ఎదిగింది. స్త్రీపాత్రధారి నిత్యజీవితంలో కూడా స్త్రీలాగే మెలగాలని మొదటి యోషిజావా అయామే (1673–1729) బోధించాడు. నేటి కాలంలో బాందో తమసబురో ఆ విద్యకు ప్రతినిధి. స్థానం నరసింహారావు గారి చిత్రాంగిని, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసి తరించిన తెలుగువారికి ఈ కళను వేరే వివరించవలసిన పని లేదు.

అనిమేలోని కారణం మరింత సాధారణమైనది. బాలనటుడి గొంతు కొన్నేళ్ళలో బొంగురుపోతుంది, ధారావాహిక ఏళ్ళ తరబడి సాగుతుంది. 1986 నుంచి గోకుకు గొంతునిస్తున్న మసాకో నోజావా గానీ, 1999 నుంచి లూఫీగా మాట్లాడుతున్న మయుమి తనాకా గానీ పాత్రకు ఒకే గొంతును దశాబ్దాల పాటు నిలపగలిగారు.

మీ ప్రశ్నకు మరో కోణం కూడా ఉన్నది. 1914లో తొలి ప్రదర్శన ఇచ్చిన తకరాజుకా బృందంలో అందరూ స్త్రీలే, పురుషపాత్రలు కూడా వారే వేస్తారు. ‘ఆస్ట్రో బాయ్’ తెజుకా బాల్యం గడిచింది ఆ బృందం ఉన్న తకరాజుకా ఊరిలోనే. మగవేషంలో కత్తి పట్టిన రాజకుమారి కథను ఆయన 1953లో గీయడం వెనుక ఆ ప్రదర్శనల ప్రభావం స్పష్టంగా ఉన్నది.

‘డెమన్ స్లేయర్’ను నోహ్ నాటకంగా ప్రదర్శించారని తెలిసి ఆశ్చర్యపోయాను. అంత వేగంగా కత్తులు దూసే కథ, అడుగు తీసి అడుగు వేయడానికే నిమిషాలు పట్టే నాటకంలో ఎలా ఇముడుతుంది?
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

ముందుగా కొంత నేపథ్యం. ప్రసిద్ధ అనిమే, కామిక్ కథలను సంప్రదాయ నటులు వేదికకెక్కించడం ఇప్పుడు కొత్త కాదు. టోక్యోలోని షింబాషి ఎంబుజో నాటకశాలలోనే 2015లో ‘వన్ పీస్’, 2018లో ‘నరుటో’, 2019 డిసెంబరులో ‘నౌసికా’ కబుకి రూపంలో వచ్చాయి. నీటి జలపాతాలు, గాలిలో తేలే నటులు, క్షణంలో మారే దుస్తులు కబుకికి ఎంతోకాలంగా ఉన్న విద్యలు కనుక ఆ కథలు అందులో ఇమిడిపోవడంలో వింత లేదు. 2022 జూలైలో టోక్యోలోని గింజాలో ఉన్న కంజే నోహ్ నాటకశాలలో ‘డెమన్ స్లేయర్’ ప్రదర్శించినప్పుడు మాత్రం మీలాగే చాలామంది సందేహించారు. నోహ్ ఆచార్యుడు ఓత్సుకి బున్జో పర్యవేక్షణలో, హాస్యరూపమైన క్యోగెన్ విద్వాంసుడు నోమురా మన్సాయ్ దర్శకత్వంలో అది రూపొందింది.

నా దృష్టిలో నోహ్‌కు అంతకన్నా తగిన అనిమే కథ మరొకటి లేదు. తండ్రి కన్‌అమి, కొడుకు జెఅమి 14వ శతాబ్దం చివర ఈ నాటకానికి రూపమిచ్చారు. జెఅమి తీర్చిదిద్దిన నాటకాల్లో కథ చాలావరకు ఒకే దారిలో నడుస్తుంది. దారిన పోయే ఒక సన్యాసికి ఎవరో ఒక సామాన్య స్త్రీయో వృద్ధుడో తారసపడి, ఆ చోట జరిగిన పాత విషాదాన్ని చెప్పి మాయమవుతారు. రెండవ భాగంలో అదే వ్యక్తి ముసుగు మార్చుకుని ప్రేతంగానో రాక్షసిగానో తన నిజరూపంతో వచ్చి, తనను ఈ గతికి తెచ్చిన ప్రేమను, అసూయను, యుద్ధాన్ని మళ్ళీ అనుభవిస్తూ నర్తిస్తుంది. ఎదుటివాడి ముఖ్యమైన పని వినడమే, ఆ వినడంతోనూ ప్రార్థనతోనూ ఆ ఆత్మకు శాంతి కలుగుతుంది. ‘అఓయి నో ఉఎ’ నాటకంలో అసూయతో కొమ్ములు మొలిచిన రోకుజో అనే రాజవంశ స్త్రీ ఆత్మ చివరకు శాంతిస్తుంది, నాటకం ఆమెను ద్వేషించమని ఎక్కడా అడగదు.

ఇప్పుడు ‘డెమన్ స్లేయర్’ కథానాయకుడు టాంజిరోను గుర్తు చేసుకోండి. తల తెగి బూడిదవుతున్న దాదాపు ప్రతి రాక్షసుడికీ ఆ కథలో ఒక గతం తెరుచుకుంటుంది. ఆ చేతిని పట్టుకుని కన్నీరు పెట్టుకునేది చంపినవాడే. 2019లో వచ్చిన తొలి భాగంలో దారాలతో పోరాడే సాలీడు కుటుంబపు బాలుడు రుయి అంత్యఘడియలు అందరికీ గుర్తుండే ఉంటాయి. నోహ్‌లో ‘సుచిగుమొ’ అనే నాటకంలో సాలీడు భూతం వేళ్ళ చివరి నుంచి సన్నని కాగితపు దారాలను వలలా విసురుతుంది. ఆ ఒక్క దృశ్యం కోసమైనా దాన్ని చూడవచ్చు. టాంజిరో తండ్రి మంచులో తెల్లవార్లూ చేసే నృత్యం కూడా కగురా అనే దేవతారాధన సంప్రదాయానికి చెందినది, అది నోహ్ కన్నా పాతది. ఇక వేగం మాటకు వస్తే, అనిమే ఆ పోరాటాల్లో సంగీతాన్ని ఆపి, మంచు రాలడాన్ని మాత్రమే చూపించే క్షణాలు ఎన్ని ఉన్నాయో గమనిస్తే మీ సందేహం కొంత తీరుతుంది.

‘డెమన్ స్లేయర్’ చలనచిత్రం ‘ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులో కూడా విడుదలైంది కదా. అనువాద గొంతులతో చూస్తే ఇవన్నీ పోతాయా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

2025 సెప్టెంబరులో ‘ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు గొంతులతో వచ్చింది. కథకు, భావానికి లోటు రాదు. పోయేది జపనీయ నటుల లయ మాత్రమే. ఒకసారి తెలుగులో చూసి, నచ్చిన ఘట్టాలను మూలంలో వినమని నా సలహా.

సంప్రదాయ కళలే కథావస్తువుగా ఉన్న అనిమేలు ఏవైనా సూచించగలరా? ఇప్పుడు వారంవారం వస్తున్నవాటిలో ఉంటే మరీ మంచిది.
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జపాన్‌లో ప్రసారాల జాబితా జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల్లో మారిపోతుంది కాబట్టి ఈ ఉత్తరం అచ్చయ్యే నాటికి ఏది నడుస్తున్నదన్నదాని కన్నా ఏది నిలిచిందన్నది చెప్పడం మేలు. ‘షోవా గెన్‌రోకు రకుగో షింజూ’ 2016, 2017 సంవత్సరాల్లో రెండు విడతలుగా వచ్చింది. రకుగో అంటే ఒకే కళాకారుడు దిండు మీద కూర్చుని, విసనకర్ర, చేతిగుడ్డ మాత్రమే ఆసరాగా, అన్ని పాత్రల గొంతులూ తానే పలుకుతూ చెప్పే కథ. ఈ అనిమేలో ఆ కథలను సుదీర్ఘంగా చెప్పించారు. యాకుమో పాత్రకు గొంతునిచ్చిన అకిరా ఇషిదా కథ చెబుతూ ఉండగా తెర మీద పెద్దగా ఏమీ కదలకపోయినా చూపు తిప్పుకోలేము. దీన్ని మాత్రం జపాన్ గొంతులతోనే చూడండి. అదే కళ మీద 2022 నుంచి ‘షోనెన్ జంప్’ వారపత్రికలో వస్తున్న ‘అకానే-బనాషి’ని 2026 ఏప్రిల్ విడతకు అనిమేగా ప్రకటించారు. తండ్రిని బృందం నుంచి వెలివేసిన గురువు ఎదుట నిలబడాలని పట్టుబట్టిన అమ్మాయి కథ అది. చిన్నవాళ్ళకు కూడా నచ్చుతుంది.

నోహ్ పుట్టుక మీద ఆసక్తి ఉంటే మసాఅకి యుఆసా దర్శకత్వంలోని ‘ఇను-ఓ’ చూడవచ్చు. జెఅమికి సమకాలికుడై, చరిత్రలో పేరు తప్ప పెద్దగా ఏమీ మిగలని ఒక నిజమైన కళాకారుణ్ణి ఆ చిత్రం రాక్ గాయకుడిగా ఊహించింది. చరిత్రగా నమ్మకూడదు కానీ, నేడు గంభీరంగా కనిపించే ఆ కళ ఒకనాడు వీధిలో జనాన్ని ఊపేసిందన్న సంగతిని అది బాగా పట్టుకున్నది. భయం పుట్టించే కథలు ఇష్టమైతే 2006 నాటి ‘అయాకాషి’లో తొలి కథ 1825 నాటి ప్రసిద్ధ కబుకి దెయ్యం నాటకానికి రూపాంతరం.

ఉద్యోగరీత్యా టోక్యోలో నిషికసాయిలో ఉంటున్నాను. అనిమే చూసి కబుకి మీద మనసైంది కానీ గంటల తరబడి సాగే ప్రదర్శనకు, ఖరీదైన టికెట్టుకు జంకుతున్నాను.
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, టోక్యో

గింజాలోని కబుకి-జాలో ఒక్క అంకం మాత్రమే చూడటానికి నాలుగవ అంతస్తులో ప్రత్యేకమైన చవక టికెట్లు ఉంటాయి. వేదిక దూరంగా కనిపిస్తుంది, ప్రేక్షకుల మధ్య నుంచి సాగే నడకదారి పూర్తిగా కనిపించదు, అయినా మొదటిసారికి అది చాలు. పోరాటమో నృత్యమో ఉన్న అంకాన్ని ఎంచుకోండి. సంభాషణలే ప్రధానంగా ఉన్న కుటుంబకథను మొదట చూస్తే నిరాశ కలగవచ్చు. వంశనామాలను అరవాలన్న ఉత్సాహం కలిగితే ఆపుకోండి, ఆ కేక పడవలసిన అరక్షణం ఏదో ఏళ్ళుగా చూసిన వారికే తెలుస్తుంది. నోహ్ కోసం సెందగాయాలోని జాతీయ నోహ్ నాటకశాల ఉన్నది. అక్కడ ముందు కుర్చీ వెనుక చిన్న తెర మీద ఆంగ్లంలో అర్థం కనిపిస్తుంది. ఒక్కొక్క బొమ్మను ముగ్గురు మనుషులు ఆడించే బున్రాకు చూడాలంటే మాత్రం దాని పుట్టినిల్లయిన ఒసాకా వెళ్ళడమే ఉత్తమం.