అడగండి... చెబుతాం: కెమెరా చూడని వైపు

ప్రశ్న: వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వాషింగ్టన్ వెళ్తున్నాం. మా మనవడికి స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష టీవీ సీరియల్ అంటే ప్రాణం. నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉన్న, అందులోని ఎంటర్‌ప్రైజ్ నౌక మోడల్ చూసి తీరాలంటున్నాడు. ఇలాంటి చోట ఏం గమనించాలి? సినిమా దుస్తులు పెట్టే గదుల్లో అంత చీకటి దేనికి? అక్కడ ఫొటోలు సరిగ్గా రావు.
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ మనవణ్ని నౌక ఎడమ పక్కకి తీసుకెళ్లండి. అసలు విశేషం అక్కడుంది. 1966-69 మధ్య వచ్చిన ఆ సీరియల్ కోసం కట్టిన ఆ మోడల్ సుమారు 11 అడుగుల పొడవుంటుంది. ఎక్కువ భాగం చెక్క, ప్లాస్టిక్. లోపలి దీపాలకు వైర్లు ఎడమవైపు నుంచి వెళ్లేవి. అందుకే షూటింగంతా కుడివైపు నుంచే జరిగేది, ఎడమవైపు అలంకరణ పూర్తి చేయనేలేదు. 1974లో మ్యూజియానికి చేరిన ఈ నౌకను 2016లో బాగుచేశారు. ఏ ప్రాప్ (షూటింగ్‌లో వాడే వస్తువు) చూసినా ఇదే పద్ధతి: కెమెరాకి కనిపించేది ఎంతవరకు, ఆ తర్వాత ఏం వదిలేశారు అన్నది వెతకండి. దుస్తులకైతే వీపు చూడాలి. జిప్పు, వెల్క్రో, బ్యాటరీ దాచిన జేబు అక్కడే దొరుకుతాయి. తుపాకులు, కత్తులు ఒక్కోటి రెండు రకాలుగా చేస్తారు. దగ్గరి షాట్ కోసం లోహంతో నగిషీగా ఒకటి, ఫైట్లలో దెబ్బ తగలకుండా రబ్బరుతో ఇంకొకటి. అంచు పదునుగా ఉందా, మొద్దుగా కరిగినట్టుందా చూస్తే తేడా తెలిసిపోతుంది.

చీకటి సంగతి. బట్టల మీద 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) మించకుండా వెలుగు పెడతారు. మనం చదువుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. వెలుగుకి వెలిసిన రంగు మళ్లీ రాదు, పైగా ఆ నష్టం రోజురోజుకీ కూడుతూ పోతుంది. లోపలికి వెళ్లాక ఐదు నిమిషాలు ఆగండి, కళ్లు అలవాటు పడతాయి.

ఫొటోలకి నల్ల చొక్కా వేసుకెళ్లండి. అద్దంలో మెరిసేది చాలాసార్లు మన చొక్కాయే. ఫ్లాష్ ఆపేసి, ఫోన్ కొంచెం ఏటవాలుగా పట్టుకుని, దుస్తుల్లో వెలుగు ఎక్కువ పడినచోట తెర మీద తాకి, ఎక్స్‌పోజర్ కిందికి లాగండి. ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్ తీసుకెళ్లొద్దు, లోపల వాడనివ్వరు.

ప్రశ్న: ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే మెత్తటి ప్లాస్టిక్) షీట్లతో వ్యోమ యోధుడి కవచం చేశాను. ముసురు పట్టిన రోజుల్లో సాయంత్రాలు కూర్చుని అతికించాను. నెలకే అతుకులు విడిపోయాయి, పైన రంగు పగిలింది, రివెట్లు తుప్పుపట్టాయి.
- ఇంజినీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: మీరు అతికించిన వేళే మిమ్మల్ని దెబ్బతీసింది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు బంకలో సాల్వెంట్ (బంకను కరిగించి ఉంచే ద్రవం) ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడుతుంది. గాలిలో తేమ దాని మీద చెమటలా పడుతుంది. ఆ సన్నని నీటిపొర మీద నొక్కితే అతుకు పట్టినట్టే ఉంటుంది గానీ నిలవదు. విశాఖలో ఈ పని ఎండ కాసే మధ్యాహ్నం పెట్టుకోవాలి. అంచుల్ని 120 నంబర్ స్యాండ్ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, రెండు వైపులా పల్చగా పూయండి. 10-15 నిమిషాలాగి, వేలికి అంటుకోని దశలో ఒక కొస నుంచి నొక్కుకుంటూ రండి. తడిగా ఉండగానే కలిపేయడం కూడా అంతే తప్పు. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో స్టవ్వు వెలగకూడదు.

వంపులు మాత్రం అతికించకముందే తేవాలి. ఛాతీకి 10 మిల్లీమీటర్ల షీటు, ముంజేతికి 5 లేదా 6 తీసుకోండి. హీట్ గన్‌తో వేడి చేస్తుంటే పైపొర లీలగా నిగనిగలాడుతుంది. అప్పుడు వంచి, చల్లారేదాకా పట్టుకోండి.

రంగు పగలడానికి కారణం కింద గట్టి పూత ఉండటం. గోడల పుట్టీ, లప్పం వంగవు, ఫోమ్ వంగుతుంది. నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ పూతా చవకే గానీ మన ఉక్కకి మెత్తబడి జిగటెక్కుతుంది. రబ్బరులా సాగే స్ప్రే పూత మూడు నాలుగుసార్లు వేసి, దాని మీద యాక్రిలిక్ రంగు వేయండి. రివెట్లు ఇత్తడివి గానీ స్టెయిన్‌లెస్‌వి గానీ కొనండి, బకిల్స్ ప్లాస్టిక్‌వి చాలు.

కవచం వాడి అరిగినట్టు కనిపించాలంటే ముందు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసి రండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన నౌక అది. లోపల వాల్వులు, హ్యాండిళ్లు ఎక్కడెక్కడున్నాయో, మనిషి చెయ్యీ భుజమూ ఎక్కడ తగులుతాయో చూడండి. వెండి రంగు గీతలు అలాంటి చోట్లే వేయండి, ఒళ్లంతా చల్లితే బొమ్మలా ఉంటుంది.

ప్రశ్న: వేషం కోసం నేను కొన్న హెల్మెట్ లోపలి స్పాంజి జిగటై, పొడిగా రాలుతోంది. నిలబెట్టుకోగలమా?
- ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: స్పాంజిని నిలబెట్టలేం. అది పాలియురిథేన్ అనే ప్లాస్టిక్, తేమకి దాని అణువుల గొలుసులే తెగిపోతాయి. గ్లవ్స్ వేసుకుని గీకి తీసేసి, ఈవీఏ ముక్కలు అమర్చండి. హెల్మెట్‌ను నూలు గుడ్డలో చుట్టి, మూత బిగిసే 60 లీటర్ల డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ కిలోతో పెట్టండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి లోపల ఉంచి, తేమ 55 శాతం దాటితే జెల్ మార్చండి. బీరువాలో వేసే కలరా ఉండలు మాత్రం దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడతాయి.